నూరేళ్ళ తరువాత మళ్ళీ అచ్చయిన మోర్గాన్ డాలర్: నా అనుభవం

నా దగ్గర మూడు మోర్గాన్ వెండి డాలర్లున్నాయి. ఒకటి 1881లో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో అచ్చయింది. రెండవది 1921లో ఫిలడెల్ఫియాలో, మూడవది సరిగ్గా నూరేళ్ళకు, 2021లో, అదే ఫిలడెల్ఫియాలో అచ్చయ్యాయి. మూడింటికీ బొమ్మ వైపు గోధుమ కంకులూ పత్తికాయలూ తురుముకున్న అదే స్వేచ్ఛాదేవి ముఖం ఉంది, బొరుసు వైపు రెక్కలు విప్పిన అదే గద్ద ఉంది. ఈ మూడవ నాణేన్ని తెప్పించుకోవడం, దాని మీద తోటి సేకర్తల మధ్య సాగిన వాదాలను వినడం, ఆ వాదాల్లో ఏది నిలుస్తుందో భూతద్దం పట్టుకుని నాకు నేనుగా తేల్చుకోవడం, ఇదంతా దాదాపు రెండేళ్ళు నడిచింది. పాత నాణేల మీద మక్కువ ఉన్న తెలుగువారికి పనికివస్తుందన్న నమ్మకంతో ఆ వ్యవహారాన్ని వివరంగా రాస్తున్నాను.

మోర్గాన్ డాలర్ అన్నది ఆ బొమ్మను చెక్కిన జార్జి టి. మోర్గాన్ పేరు మీద వాడుకలోకి వచ్చిన పేరు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, అమెరికా టంకశాలలో చెక్కుడు పనికి కుదిరిన ఆయన, ఫిలడెల్ఫియాకు చెందిన అన్నా విలెస్ విలియమ్స్‌ను ఎదుట కూర్చోబెట్టుకుని ఆ ముఖాన్ని గీశాడు. ఈ నాణెం 1878 నుంచి 1904 వరకు, ఆ తరువాత 1921లో ఒకే ఒక్క ఏడాది అచ్చయింది. అదే 1921 డిసెంబరు చివరి రోజుల్లో, మొదటి ప్రపంచయుద్ధం ముగిసి శాంతి నెలకొన్నదానికి గుర్తుగా, ఆంటొనీ డి ఫ్రాన్సిషి రూపొందించిన పీస్ డాలర్ దాని స్థానంలోకి వచ్చింది. పాతది సెలవు తీసుకుని కొత్తది అడుగుపెట్టిన ఆ సంవత్సరానికి నూరేళ్ళు నిండుతున్నందున రెండింటినీ మళ్ళీ ముద్రించాలని అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 2021 జనవరి 5న దాని మీద సంతకం పడింది.

ఆ కబురు తెలిసిన నాటి నుంచి మా నాణేల క్లబ్బులో వేరే మాట లేదు. మోర్గాన్ అయిదు రకాలుగా, పీస్ ఒకే రకంగా, మొత్తం ఆరు నాణేలు వస్తాయని, ధర ఒక్కొక్కటి 85 డాలర్లని, మోర్గాన్లు ఒక్కో రకం 1,75,000, పీస్ 2,00,000 మించవని తెలిసింది. మే 24న మొదటి రెండు రకాల అమ్మకం జరిగింది. జూన్‌లో జరగవలసిన తక్కిన అమ్మకాలు వాయిదా పడి ఆగస్టుకు చేరాయి. మే నెలలో ప్రయత్నించిన మా క్లబ్బు సభ్యుల్లో కొద్దిమందికే నాణేలు దక్కాయి, దక్కనివారిలో నేనూ ఉన్నాను. ఆగస్టులో మాత్రం ఫిలడెల్ఫియా మోర్గాన్ ఒకటి, పీస్ డాలర్ ఒకటి నాకు దొరికాయి. కొనడం గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. అసలు విషయం నాణేలు చేతికి రాకముందే మొదలైన వాదంలో ఉంది.

ఆ వాదానికి మూలం మే నెలలో అమ్మిన రెండు రకాలు. వాటిలో ఒకదాని మీద కార్సన్ సిటీకి గుర్తయిన 'సి సి', మరొకదాని మీద న్యూ ఆర్లియన్స్‌కు గుర్తయిన 'ఓ' ఉన్నాయి. పాత డాలర్ల మీద ఈ అక్షరాలు కనబడితే ఆ నాణెం ఆ ఊరి టంకశాలలోనే అచ్చయిందని అర్థం. అయితే కార్సన్ సిటీలో నాణేల ముద్రణ 1893లో ఆగిపోయింది, ఆ భవనం ఇప్పుడు నెవాడా రాష్ట్ర మ్యూజియం. న్యూ ఆర్లియన్స్‌లో ముద్రణ 1909లో ముగిసింది. అందువల్ల 2021 నాణేల మీది ఆ అక్షరాలు టంకశాల గుర్తులు కావు, ప్రివీ మార్కులు, అంటే స్మారకంగా వేసిన ముద్రలు. ఆ రెండు రకాలూ నిజానికి ఫిలడెల్ఫియాలోనే అచ్చయ్యాయి. కాని ఆ ముద్రను వేసింది పాత నాణేల మీద టంకశాల గుర్తు ఉండే చోటనే, బొరుసు వైపు దండకు దిగువన.

మా క్లబ్బులో అందరికంటే పెద్దవారైన ఒక సభ్యుడు దీన్ని ఎంతమాత్రం సహించలేకపోయారు. 1970ల మొదట్లో అమెరికా ప్రభుత్వం, ఖజానాలో దశాబ్దాల తరబడి సంచుల్లో మిగిలిపోయిన దాదాపు 30 లక్షల వెండి డాలర్లను తపాలా ద్వారా వేలానికి పెట్టినప్పుడు, ఆయన వాటిలో నాలుగు కార్సన్ సిటీ నాణేలను 30 డాలర్ల కనీస ధర పాడి సంపాదించారు. అవి ఇప్పటికీ ఆనాటి నల్లని పెట్టెల్లోనే ఉన్నాయి. "ఆ రెండు అక్షరాల కోసం నేను యాభై ఏళ్ళుగా నాణేలను వెతుకుతున్నాను. ఆ ఊళ్ళో, ఆ యంత్రం మీద, ఆ కొండల్లో తవ్విన వెండితో అచ్చు వేస్తేనే వాటికి అర్థం. అక్కడ అచ్చు వేయనిదానికి ఆ అక్షరాలు ఎందుకు?" అని ఆయన అడిగినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి బడిలో చరిత్ర చెప్పే ఒకావిడ, నాణెం మీద 2021 అని స్పష్టంగా ఉన్నప్పుడు ఎవరూ మోసపోయే వీలు లేదని, మూతపడిన టంకశాలలను తలచుకోవడానికి ఇంతకంటే సహజమైన చోటు మరొకటి లేదని అన్నారు. అటువైపు ఇటువైపు మనుషులు చేరారు. నేను ఆ రోజు పెద్దాయన పక్షానే ఉన్నాను.

ఇంకా రెండు ఫిర్యాదులు వినబడ్డాయి. మొదటిది వెండి పాలు గురించినది. పాత డాలరులో 90 పాళ్ళు వెండి, 10 పాళ్ళు రాగి. కొత్త నాణెంలో వెండి 90 శాతానికి తగ్గకూడదని మాత్రమే చట్టం చెప్పింది. అచ్చయినప్పుడు అది 99.9 శాతంగా వచ్చింది. రాగి కలవని మోర్గాన్ మోర్గానే కాదని కొందరు తేల్చేశారు. రెండవ ఫిర్యాదు తయారీ గురించినది. మోర్గాన్ చేత్తో చెక్కిన బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కడ సరిదిద్ది, యంత్రంతో అచ్చు కోయించారని, అటువంటి ముఖంలో ప్రాణం ఉండదని వారి బాధ. నాణెం చూడకుండానే ఈ మాటలు అంటున్నారని నాకు తెలుసు, అయినా వాటిలో నిజం లేకపోలేదని కూడా అనిపించింది.

ఆ ఏడాది చివరి నెలల్లో నాణేలు ఇంటికి వచ్చాయి. మొదట మోర్గాన్‌ను అంచు పట్టుకుని బయటికి తీసి తూచాను. 26.69 గ్రాములు. నా 1921 నాణెం కొంత అరిగి ఉన్నందున 26.6 దగ్గర నిలిచింది, కొత్తలో దాని బరువు 26.73 ఉండి ఉంటుంది. వ్యాసం రెండింటికీ 38.1 మిల్లీమీటర్లే. ఇలా బరువూ కొలతా పాతదానికి అతి దగ్గరగా ఉంచి, వెండిని మాత్రం పెంచారన్నమాట. చేతిలో పట్టుకుంటే ఈ తేడా తెలియదు, రంగులో మాత్రం తెలుస్తుంది. రాగి కలిసిన పాత వెండికి ఉన్న లేత వెచ్చదనం కొత్తదానికి లేదు. దీని తెలుపు పాలమీగడ తెలుపు కంటే సున్నపు తెలుపుకు దగ్గర.

తరువాత మూడు నాణేలనూ నల్లని మఖ్మల్ గుడ్డ మీద పరిచి, ఒకే దీపం కింద, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఒక ఆదివారమంతా చూస్తూ కూర్చున్నాను. 1881 నాటి శాన్ ఫ్రాన్సిస్కో నాణేలు మోర్గాన్లన్నిటిలో చక్కగా అచ్చుపడినవని సేకర్తల్లో పేరున్నవి. దాన్ని అటూ ఇటూ వంచితే వెలుగు బండిచక్రపు ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. దీన్నే కార్ట్‌వీల్ లస్టర్ అంటారు. చెవి మీది వెంట్రుకలు పాయపాయగా లేచి ఉన్నాయి, గద్ద రొమ్ము మీది ఈకలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. 2021 నాణెంలో వెంట్రుకలు ఇంకా పదునుగా తెగి ఉన్నాయి, ఈకలు లెక్కపెట్టవచ్చు. అయితే బొమ్మ చుట్టూ ఖాళీగా ఉన్న భాగం పట్టుబట్టలా మెత్తగా మెరుస్తుందే గాని, ఆ చక్రం తిరగదు. ముఖం దోషం లేకుండా ఉంది, కాని చెంప నునుపు కొంచెం ఎక్కువైనట్టు నాకు తోచింది. ప్రాణం లేదన్నవారి మాటను పూర్తిగా ఒప్పుకోలేను, ఆ చెంప దగ్గర మాత్రం ఒప్పుకుంటాను.

అసలు ఆశ్చర్యం మధ్యలో ఉన్న 1921 నాణెం దగ్గర ఎదురైంది. దానిలో గద్ద రొమ్ము చదునుగా ఉంది. వెంట్రుకల పాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అరుగుదల వల్ల కాదు, అచ్చులోనే ఉబ్బు తక్కువ. అంటే ఏ సంవత్సరపు నూరేళ్ళ పండుగ కోసం కొత్త నాణేన్ని అచ్చు వేశారో, ఆ సంవత్సరపు నాణెం కంటే కొత్తదే 1881 నాటి మోర్గాన్‌కు దగ్గరగా ఉంది. దీనికి కారణం నేను ఇంతకుముందు చదివినదే, కాని కళ్ళతో చూసేదాకా దాని బరువు నాకు తెలియలేదు. 1904లో వెండి డాలర్ల ముద్రణ ఆగిపోయాక, ఇక అవసరం రాదన్న నమ్మకంతో మోర్గాన్ బొమ్మ మూల అచ్చులను 1910లో ధ్వంసం చేశారు. 1921లో మళ్ళీ డాలర్లు కావలసివచ్చినప్పుడు, అప్పటికి 75 ఏళ్ళ వయసులో ప్రధాన చెక్కుడుకారుగా ఉన్న మోర్గానే, 43 ఏళ్ళ కిందటి తన బొమ్మను తన చేతులతో కొత్తగా మళ్ళీ తయారుచేశాడు. ఉబ్బు తగ్గించి చేశాడు. కాబట్టి మోర్గాన్ డాలర్‌కు మొదటి పునర్ముద్రణ 2021లో కాదు, 1921లోనే జరిగింది. దాన్ని కూడా సేకర్తలు నూరేళ్ళుగా తక్కువ చూపే చూస్తూ వచ్చారు.

1921లో డాలర్లు మళ్ళీ ఎందుకు కావలసివచ్చాయన్న ప్రశ్న దగ్గర ఈ కథ మన దేశానికి వచ్చి చేరుతుంది. మొదటి ప్రపంచయుద్ధం చివరి సంవత్సరాల్లో భారతదేశంలో కాగితపు నోట్లు చేతబట్టుకుని వెండి రూపాయలు ఇమ్మని అడిగేవారు పెరిగిపోయారు. ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర వెండి నిల్వ అడుగంటుతోంది. అమ్మమని బ్రిటన్ అమెరికాను అడిగింది. 1918లో అమెరికా చేసిన పిట్‌మన్ చట్టం 35 కోట్ల దాకా వెండి డాలర్లను కరిగించడానికి అనుమతించింది. నిజంగా కరిగినవి దాదాపు 27 కోట్లు. వాటిలో 25 కోట్లకు పైగా నాణేల వెండి ఔన్సు ఒక డాలరు చొప్పున బ్రిటన్‌కు, అక్కడినుంచి రూపాయలు అచ్చు వేయడానికి భారతదేశానికి చేరింది. కరిగినవాటికి బదులుగా అమెరికా గనుల వెండి కొని మళ్ళీ డాలర్లు ముద్రించాలని అదే చట్టం చెప్పింది. ఆ బదులు నాణేలే 1921 మోర్గాన్లు. ఫిలడెల్ఫియాలో 4,46,90,000, డెన్వర్‌లో 2,03,45,000, శాన్ ఫ్రాన్సిస్కోలో 2,16,95,000 అచ్చు వేశారు.

మా అమ్మమ్మ నాకిచ్చిన అయిదవ జార్జి రూపాయి ఒకటి ఉంది. సంవత్సరం 1918. బొరుసు వైపు అడుగున చిన్న చుక్క ఉంది కనుక బొంబాయి టంకశాలది. మా ఇంట్లో దాన్ని నాణేల సేకరణలో భాగంగా ఎన్నడూ చూడలేదు, అమ్మమ్మ గుర్తుగా బీరువాలో వేరే ఉండేది. ఆ ఆదివారం సాయంత్రం దాన్ని తెచ్చి 1881 డాలరుకూ 1921 డాలరుకూ మధ్యన పెట్టాను. ఇటువంటి రూపాయల కోసమే అటువంటి డాలర్లు కరిగాయి, అవి కరిగాయి గనుకనే ఆ ముసలి చెక్కుడుకారు మళ్ళీ ఉలి పట్టవలసి వచ్చింది. ఇన్నేళ్ళుగా నా దగ్గర వేర్వేరు పెట్టెల్లో ఉన్న వస్తువులు ఒక వరుసలో చేరిన ఆ క్షణాన్ని నేను మరచిపోలేను. నూరేళ్ళ నాటి బొమ్మను మళ్ళీ అచ్చు వేయడం వల్ల ఎవరికి ఏం ఒరిగిందని అడిగితే, కొత్త నాణెం చేతికి రాకపోతే ఆ వరుసను నేను ఎన్నటికీ పేర్చి ఉండేవాడిని కాదన్నదే నా సమాధానం.

తరువాతి నెల క్లబ్బుకు ఆ నాలుగు నాణేలనూ తీసుకువెళ్ళాను. పిట్‌మన్ చట్టం గురించి పెద్దాయనకు నాకంటే బాగా తెలుసు, కాని 1918 రూపాయిని ఆయన ఎన్నడూ పట్టుకోలేదట. అరచేతిలో పెట్టుకుని, ఒక్క డాలరు వెండితో ఇటువంటివి రెండు అచ్చవుతాయని లెక్కగట్టారు. ఆ లెక్క సరైనదే. రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి సుమారు 91.7 శాతం. తరువాత 1921 డాలరును భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసి, "దీన్ని నేను ఎప్పుడూ నాణెంగా చూడలేదు, వెండి ముద్దగానే చూశాను" అన్నారు. 2021 నాణెం గురించి మాత్రం ఆయన అభిప్రాయం మారలేదు. ఫిలడెల్ఫియాది గనుక దాని మీద ఏ అక్షరమూ లేదని, అందువల్ల దానితో తనకు తగవు లేదని, 'సి సి' ముద్ర వేసినదాన్ని మాత్రం ఇంటికి రానివ్వనని చెప్పారు.

ఇక్కడ నా అభిప్రాయం కూడా చెప్పాలి. వెండి పాలు గురించిన ఫిర్యాదును నేను వదిలేశాను. ఖర్చుపెట్టడానికి కాక దాచుకోవడానికే వచ్చిన నాణేనికి గట్టిదనం కోసం రాగి కలపవలసిన అవసరం లేదు. ప్రివీ మార్కు విషయంలో మాత్రం పెద్దాయన పక్షం నుంచి నేను కదలలేదు. స్మరించుకోవడానికి నాణెం మీద వేరే చోటు లేకపోలేదు. టంకశాల గుర్తు ఉండే చోటుకు ఉన్న అర్థం ఒక్కటే, ఆ నాణెం ఎక్కడ అచ్చయిందని చెప్పడం.

సంఖ్యల గురించిన వాదం కూడా ఆ సాయంత్రమే జరిగింది. 1,75,000 మాత్రమే అచ్చయిన నాణెం, నాలుగున్నర కోట్లకు దగ్గరగా అచ్చయిన 1921 ఫిలడెల్ఫియా నాణెం కంటే రెండు వందల యాభై రెట్లు అరుదు కదా అని ఒక యువకుడు అడిగాడు. లెక్క ప్రకారం నిజమే. కాని మోర్గాన్లలో అందరూ కలలు కనే 1893 శాన్ ఫ్రాన్సిస్కో నాణెం లక్ష అచ్చయింది, వాటిలో ఎన్నో చేతులు మారి అరిగాయి, కరిగాయి. ఏమాత్రం అరగకుండా మిగిలినవి అతి స్వల్పం. 2021 నాణేలు అచ్చయినవన్నీ పెట్టెల్లో భద్రంగానే ఉన్నాయి. ఒక నాణెం అరుదుగా మారేది టంకశాలలో కాదు, ఆ తరువాత గడిచిన సంవత్సరాల్లో. ఆ యువకుడు తన అయిదు నాణేలను గ్రేడింగ్‌కు, అంటే నాణ్యతను బట్టి 70కి ఇంతని అంకె వేయించడానికి పంపి, స్లాబులనే ప్లాస్టిక్ పెట్టెల్లో బిగించి తెప్పించుకున్నాడు. రెండింటికి 70, మూడింటికి 69 వచ్చాయి. 70కీ 69కీ తేడా ఏమిటో భూతద్దంతో మేమిద్దరం వెతికాం. గద్ద ఎడమ రెక్క మీద వెంట్రుకవాసి గీత ఒకటి ఒకదానిలో దొరికింది, తక్కిన రెండింటిలో నాకేమీ కనబడలేదు. ఆ ఒక్క అంకెకు ధరలో వచ్చే తేడా మాత్రం పెద్దది. నా నాణేన్ని పంపకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. అంచు పట్టుకుని వెలుగులో తిప్పి చూడలేని నాణెం నాకు సగం నాణెమే.

పీస్ డాలర్ మీద మా క్లబ్బులో తగవు తక్కువ జరిగింది. దానికి టంకశాల గుర్తు చిక్కు లేకపోవడం ఒక కారణం. అయినా 1921లో దాని పుట్టుకే తగవుతో మొదలైంది. డి ఫ్రాన్సిషి మొదట గద్ద దగ్గర విరిగిన కత్తిని పెట్టాడు. విరిగిన కత్తి ఓటమికి గుర్తవుతుందని పత్రికల్లో అభ్యంతరాలు లేస్తే, చివరి నిమిషంలో దాన్ని అచ్చు మీద తొలగించినవాడు మళ్ళీ మోర్గానే. తన నాణెం స్థానాన్ని ఆక్రమించబోయే నాణేన్ని ఆయనే చేతులారా సరిదిద్ది పంపాడు. ఆ ఏటి పీస్ నాణేలు పదిలక్షలకు కొంచెం పైగా, ఎత్తైన ఉబ్బుతో అచ్చయ్యాయి. అంత ఉబ్బును యంత్రాలు మోయలేకపోవడంతో 1922లో దాన్ని తగ్గించారు.

2022లో ఈ డాలర్లు రాలేదు, వెండి బిళ్ళల కొరత అందుకు కారణం. 2023లో మళ్ళీ మొదలయ్యాయి. దానితో క్లబ్బులో చివరి వాదం నడిచింది. నూరేళ్ళకు ఒకసారి అన్నప్పుడు ఉన్న గౌరవం ఏటేటా అన్నప్పుడు ఉంటుందా అని చరిత్ర చెప్పే ఆవిడే మొదట అడిగారు. ఏటా వస్తేనే కొత్తవారు ఈ బొమ్మను ప్రేమిస్తారని యువకుడు అన్నాడు. నేను 2023 నాణేన్ని తెప్పించుకోలేదు. 1921ని తలచుకోవడానికి 2021 నాణెం ఉంది, 2023 నాణెం దేన్ని తలచుకోవడానికో నాకు బోధపడలేదు.

ఆ ఏడాది డిసెంబరు సమావేశం ముగిశాక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, చిన్న కాగితపు కవరు ఒకటి చేతిలో పెట్టారు. అందులో 1921 డెన్వర్ డాలరు ఉంది. డెన్వర్‌లో మోర్గాన్లు పాత కాలంలో అచ్చయింది ఆ ఒక్క సంవత్సరమే. "మీ వరుసలో ఇది కూడా ఉండాలి" అని మాత్రం అన్నారు. దాని మీది 'డి' అక్షరం ఎంత చిన్నదంటే భూతద్దం లేకుండా చుక్కలా కనబడుతుంది. ఇంటికి వచ్చి దాన్ని రూపాయికీ 2021 నాణేనికీ మధ్యన, ఫిలడెల్ఫియా 1921 పక్కన పెట్టాను.